జులై ఒకటిన పుట్టిన పిల్లలు

పీహెచ్‌డీ సీటు కోసం నేను రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాను. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. రెండోసారి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పేయాలనిపించే వయసుకు ఇప్పుడు వచ్చాను.

ఎనభైల్లో నేను నడికుడి దగ్గర ఒక ఊళ్ళో పంచాయతీ సమితి ఎలిమెంటరీ బడిలో టీచర్ని. ఇద్దరమే టీచర్లం. హెడ్ మాస్టరుగారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. పొలం పనులూ పంచాయతీ పనులూ పోగా మిగిలిన టైములో బడికి వచ్చేవారు. రిజిస్టర్లన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. ఎం.ఎడ్. చదివి ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించడం నాకు నామోషీగా ఉండేది, దాచుకోవడం దేనికి. నరసరావుపేటలో మా నాన్న ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. మా వీధిలో ముస్లింల ఇళ్ళల్లో ఆడపిల్ల అంత దూరం చదవడం అదే మొదలు. "ఇంత చదివి ఆ రాళ్ళ మధ్య ఏం చేస్తన్నావే" అని ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మ అడిగేది.

ఆ ప్రశ్నకి జవాబు పేపర్లో ప్రకటనగా కనిపించింది. ఒక విశ్వవిద్యాలయం విద్యా మనోవిజ్ఞానంలో పీహెచ్‌డీకి దరఖాస్తులు కోరింది. బడి పిల్లలు చదువులో ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు ఆగిపోతారు, వాళ్ళ తెలివిని కొలిచేదెలా అన్నది విషయం. ఉద్యోగంలో ఉన్న టీచర్లకి ఒకే ఒక్క సీటు, దొరికితే మూడేళ్ళు జీతంతో సెలవు. ఎందుకు చేరదలిచారు అని దరఖాస్తులో అడిగిన చోట, పల్లెటూరి పిల్లల్ని మొద్దులనడం మాన్పించాలని రాశాను. అది అబద్ధమేమీ కాదు. మా హెడ్ మాస్టరుగారి నోట ఆ మాట రోజుకు పదిసార్లు వినేదాన్ని. అయితే అంతకంటే ముందు నాకు ఆ ఊరి నుంచి బయటపడాలని ఉండేది. అంతగా ఇంకేదీ కోరుకున్నట్టు గుర్తులేదు.

దరఖాస్తు పెట్టడమే ఒక ఉద్యోగం. పోస్టల్ ఆర్డరు తియ్యాలి. పరిశోధనాంశం ఇంగ్లీషులో టైపు కొట్టించాలి, అదీ నరసరావుపేటలో టైపు ఇన్‌స్టిట్యూటు వాళ్ళకి ఖాళీ ఉన్న ఆదివారం. సర్టిఫికెట్ల నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. మాకు దగ్గర్లో ఆ హోదా ఉన్నది గురజాల పశువుల డాక్టరుగారు ఒక్కరే. గేదెకి సూది వేసి, చెయ్యి కడుక్కుని, ఆకుపచ్చ ఇంకుతో నా ఎం.ఎడ్. మార్కుల లిస్టు మీద సంతకం పెట్టి ముద్ర కొట్టేవారు. అన్నిటికీ మించి, సమితి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. అక్కడి గుమాస్తా నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట.

"పీహెచ్‌డీ చేసి ఒకటో తరగతికి ఏం చెప్తావమ్మా? అఆల్లో ఇంకేందన్నా మిగిలిపోయినయ్యా?"

నవ్వుతూనే అనేవాడు, కాగితం మాత్రం మూడు వారాలు తిప్పి ఇచ్చాడు.

మొదటి ఇంటర్వ్యూ ఏడెనిమిది నిమిషాల్లో ముగిసింది. రెండు రైళ్ళు మారి వెళ్ళి, పుస్తకాల్లో ఉన్న సిద్ధాంతాలన్నీ అప్పజెప్పాను. బోర్డులో ఒకాయన మధ్యలో ఆపి, "మీరు ఎంతమంది పిల్లల్ని పరీక్షించారు?" అన్నాడు. ఎవర్నీ పరీక్షించలేదన్నాను. "చదివింది మాకూ తెలుసు. చూసింది ఏమన్నా ఉంటే వచ్చే ఏడు రండి" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. తిరుగు ప్రయాణంలో నాకు ఆయన మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది.

మరుసటి ఏడు గుమాస్తా నవ్వలేదు. "ఇదే ఆఖరుసారి. మూడోసారి ఇయ్యొద్దని పైనుంచి చెప్పారు. ఈసారి రాకపోతే ఇంక గమ్మున బళ్ళో కూర్చో అమ్మా" అన్నాడు. సరేనన్నాను. ఈసారి చేతిలో అంకెలు లేకుండా వెళ్ళకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నేను ఎం.ఎడ్. చదివిన కాలేజీ నుంచి ఒక పరీక్ష పెట్టెను అరువు తెచ్చాను. అందులో చెక్క దిమ్మెలు, బొమ్మలు, కథలు, ప్రశ్నలు ఉండేవి. ఒక్కో పిల్లనీ పిల్లవాణ్ణీ విడిగా కూర్చోబెట్టుకుని గంటసేపు అడగాలి. ఆ జవాబుల్ని బట్టి ఆ పిల్ల తెలివి ఎన్నేళ్ళ పిల్ల తెలివో తేలుతుంది. దాన్ని మానసిక వయసు అంటారు. దాన్ని పిల్ల అసలు వయసుతో భాగించి నూరుతో గుణిస్తే ప్రజ్ఞాలబ్ధి వస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఎనిమిదేళ్ళ తెలివి చూపిస్తే నూరు. ఆరేళ్ళ తెలివే చూపిస్తే డెబ్బై అయిదు. అంతే లెక్క.

ఎనభై అయిదు జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండు, మూడు తరగతుల పిల్లలు నలభై మందికి ఆ పరీక్ష పెట్టాను. బడి వదిలాక రోజుకొకరు, ఆదివారాలు ఇద్దరు ముగ్గురు. ఇంటికి వెళ్ళడం మానేశాను. మానసిక వయసు పరీక్ష నుంచి తీసుకున్నాను, అసలు వయసు బడి రిజిస్టరు నుంచి తీసుకున్నాను. పెద్ద తెల్లకాగితం మీద గళ్ళు గీసి, నలభై వరసలు నింపి, గోడకి మేకులు కొట్టి తగిలించుకున్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి సొంత పని అది. దాన్ని చూసుకుని నేను గర్వపడ్డాను.

ఆ నలభై మందిలో మూడో తరగతి పిల్ల ఒకతె ఉండేది. పొడుగు మనిషి, కాళ్ళూ చేతులూ సన్నగా సాగి ఉండేవి. అన్నతో పాటు బడికొచ్చేది, వాడు నాలుగో తరగతి. పరీక్షలో నింపాదిగా, దిమ్మెలు ఒక్కోటీ తిప్పి చూసి పెట్టేది. మానసిక వయసు ఆరేళ్ళని తేలింది. రిజిస్టరులో ఏడేళ్ళ ఏడు నెలలుంది. భాగిస్తే డెబ్బై తొమ్మిది. పుస్తకం ప్రకారం ఎనభై లోపు అంటే తక్కువ.

మిరపకాయల కోతలు మొదలైనప్పుడు ఆ పిల్ల తండ్రి బడికి వచ్చాడు. కౌలుకి రెండెకరాలు చేసేవాడు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, కోతకి మనుషులు దొరకడం లేదు. ఇద్దరు పిల్లల్లో ఒకరినన్నా మాన్పించాలి. ఎవర్ని మాన్పించాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పంతులమ్మా, నువ్వు పరీక్షలు పెట్టావంటగా. మా పిల్లకి చదువొచ్చుద్దా? నాకు దాపరికం లేకుండా చెప్పు. వచ్చుద్దంటే చానా కష్టమైనా పంపిస్తా."

నేను గోడ మీది కాగితం వైపు చూశాను. "కొంచెం కష్టమేనయ్యా. దాని ఈడు పిల్లలకున్నంత తెలివి దీనికి లేదు. కాగితంలో తక్కువ వచ్చింది" అన్నాను. పిల్ల పక్కనే తండ్రి పంచె పట్టుకుని నిలబడి ఉంది. అది గమనించాను, గమనించి కూడా చెప్పాను. అతను కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. చదువు రాదు కాబట్టి దాని మీది గళ్ళు మాత్రమే చూసి ఉంటాడు. "సరేమ్మా, నిజం చెప్పావు" అని దండం పెట్టి వెళ్ళాడు. మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. నాకు అప్పుడు బాధ కలగలేదు. ఒక శాస్త్రం అక్కరకొచ్చిందనుకున్నాను.

జూన్‌లో రెండో ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వరండాలో తొమ్మండుగురం కూర్చున్నాం. నా పక్కన ఒక హైస్కూలు మాస్టరు ఆ ఎండల్లో కోటు వేసుకొచ్చాడు. చెమటకి కాలరు తడిసిపోయినా విప్పలేదు. నా ఒళ్ళో చుట్ట చుట్టిన కాగితం ఉంది. మిగతా వాళ్ళెవరి దగ్గరా అలాంటిది లేదని రెండుసార్లు చూసుకున్నాను.

లోపల నలుగురున్నారు. మధ్యలో శాఖాధిపతి. ఆయన పక్కన ఒక ప్రొఫెసరమ్మ. ఇటు చివర నిరుడు నన్ను ఆపిన ఆయన. అటు చివర వేరే విశ్వవిద్యాలయం నుంచి పిలిపించిన పెద్దాయన. కాగితం బల్ల మీద పరిచాను. నాలుగు మూలలా నాలుగు పేపర్‌వెయిట్లు పెట్టారు. నిరుటి ఆయన తలూపాడు. ఇంగ్లీషులో అడిగిన దానికల్లా ఇంగ్లీషులో చెప్పాను. పది నిమిషాలు బాగా గడిచింది. సీటు నాదేనని నాకు అనిపించింది కూడా.

అప్పుడు పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం మీదికి వంగి, వేలితో ఒక నిలువు గడి వెంట కిందికి జారుతూ వచ్చాడు. అది పుట్టినతేదీల గడి. తర్వాత నా దరఖాస్తు అందుకున్నాడు. తెలుగులో అడిగాడు.

"అమ్మాయ్, నీ పుట్టినరోజు జులై ఒకటి."

"అవును సార్."

"ఈ నలభై మందిలో ముప్ఫై ఒక్క మందిదీ జులై ఒకటే. మీ పల్నాడులో మిగతా నెలల్లో పిల్లలు పుట్టరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను. ఆ కాగితం నాలుగు నెలలు నా గోడ మీద ఉంది. ప్రతి వరసా నా చేత్తో రాసిందే. ఒక్కసారి కూడా ఆ గడిని పైనుంచి కిందికి చదవలేదు. వరసలు అడ్డంగా చదివాను, భాగహారాలు సరిచూశాను. అంతే.

మా వైపు పిల్లని బడిలో చేర్చుకునే పద్ధతి వేరు. పుట్టినప్పుడు రాయించేవాళ్ళు లేరు, కాగితం ఉండదు. పిల్లని గుమ్మంలో నిలబెట్టి, కుడిచెయ్యి నెత్తి మీదుగా ఎడమచెవి అందుకోమంటాం. అందితే అయిదేళ్ళు నిండినట్టు. నిండిన పిల్లకి ఆ ఏడుకి అయిదేళ్ళు వెనక్కి లెక్కగట్టి జులై ఒకటి అని రాస్తాం. బడులు తెరిచే రోజులకి సరిపోతుందని అందరూ ఆ తేదీయే రాస్తారు. నాకూ నరసరావుపేటలో ఎవరో మాస్టరు అలాగే రాశాడు. నేను రంజాన్ నెలలో పుట్టానని అమ్మ చెప్పేది, ఏ ఏడు రంజానో ఆవిడకి తెలియదు.

"ఆ తేదీలు నేను రాసినవే సార్" అన్నాను. పద్ధతి చెప్పాను.

"ఎలాగో చూపించు" అన్నాడు పెద్దాయన.

నలుగురి ముందూ నిలబడి, చీర కొంగు సర్దుకుని, కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పొడుగు చేతుల పిల్ల అయితే?"

"ముందే అందుతుంది సార్."

"తల కొంచెం వంచితే?"

"అందుతుంది. బడిలో పిల్లల సంఖ్య తగ్గితే రెండో టీచరు పోస్టు తీసేస్తారు సార్. అందుకని మేమే కొంచెం వంచుతాం."

ఆయన కళ్ళద్దాలు దించుకున్నాడు. "అంటే ఈ భాగహారంలో పైనున్న అంకె పిల్లది, కిందున్న అంకె నీది" అన్నాడు. అందులో వెటకారం లేదు. సీటు పోయిందనుకున్నాను. ఆ క్షణంలో నేను అనుకున్నది అదొక్కటే. పిల్లల సంగతి నా తలలోకి రాలేదు.

ఆ సంగతి ఎత్తింది ప్రొఫెసరమ్మ. అప్పటిదాకా ఏదో రాసుకుంటూ ఉన్నావిడ తలెత్తి చాలా మామూలుగా అడిగింది.

"ఈ అంకెలు ఎవరికైనా చెప్పావా? పిల్లలకి గానీ, తల్లిదండ్రులకి గానీ?"

"లేదు మేడమ్" అన్నాను.

క్షణం కూడా తడుముకోలేదు. ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "మంచిది. ఎవరికీ నష్టం జరగలేదు" అంది. శాఖాధిపతి నా ఫైలు మీద ఏదో రాస్తూ, తన తప్పు తాను ఒప్పుకునే అభ్యర్థిని చాలా ఏళ్ళకి చూశామన్నాడు. పెద్దాయన కూడా తలూపాడు. నేను కాగితం చుట్టుకుని నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. కోటు మాస్టరు "ఎలా జరిగింది?" అని అడిగితే బాగానే జరిగిందని చెప్పాను.

జులై చివర్లో ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. పిల్లల వయసుల్ని గ్రామాల్లో ఎలా నిర్ధారించాలన్నదే నా పరిశోధనాంశంగా మార్చుకోమన్నారు. చేరేలోగా ఆ నలభై మంది అసలు వయసులు ఇళ్ళకి వెళ్ళి తెలుసుకుని రమ్మన్నారు. మా అమ్మ వీధంతా ఖర్జూరాలు పంచింది. నాన్న ఉత్తరాన్ని చదవలేకపోయినా మడతపెట్టి తన జేబులోనే నాలుగు రోజులు తిప్పాడు. నాకు సంతోషంగా లేదని చెప్పను. చాలా సంతోషంగా ఉండింది.

ఆగస్టులో ఇల్లిల్లూ తిరిగాను. తేదీలు ఎవరూ చెప్పలేరు గానీ తల్లులకి అన్నీ గుర్తున్నాయి. పక్కింటి పెళ్ళి, మామగారి దినం, కాలవకి గండిపడిన ఏడు, ఏ చేలో పని చేస్తుంటే నొప్పులొచ్చాయో ఆ చేను. అన్నిటికంటే అక్కరకొచ్చింది ఉప్పెన. డెబ్బై ఏడు నవంబరులో దివిసీమని ముంచేసిన ఆ ఉప్పెన గాలి మా వైపు కూడా ఇళ్ళ కప్పులు లేపుకుపోయింది. ఆ రోజు బిడ్డ కడుపులో ఉందా, చంకలో ఉందా అని అడిగితే చాలు, నెలలతో సహా తేలిపోయేది. పదిహేను ఇళ్ళు తిరిగేసరికి నా రిజిస్టరులో నిజం ఎంత తక్కువో తెలిసింది. ఆ పిల్ల ఇంటికి మాత్రం అన్నిటికంటే ఆఖరున వెళ్ళాను. దారిలో పడలేదని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళ ఇల్లు బడి వెనకే.

తండ్రి పొలంలో ఉన్నాడు. తల్లి వసారాలో చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఉప్పెన సంగతి అడిగాను.

"ఉప్పెనకా? అప్పటికి ఇది పుట్టలా పంతులమ్మా. దీని అన్న చంకలో ఉన్నాడు, వాణ్ణేసుకుని గుళ్ళోకి పరిగెత్తాం. ఇది మళ్ళీ ఏడు పుట్టింది, మిరపనారు పోసేటప్పుడు. వాడి వెంట పోతానని ఏడుస్తంటే బళ్ళో ఏశాం. నువ్వే గదా చేర్చుకుంది."

మా వైపు మిరపనారు పోసేది జులైలో. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. రిజిస్టరులో కంటే పిల్ల ఏడాది చిన్నది. పరీక్ష పెట్టిన నాటికి ఆరేళ్ళ ఏడు నెలలు. డెబ్బై తొమ్మిది కాదు, తొంభై ఒకటి. మామూలు పిల్ల. తనకంటే ఏడాది పెద్దవాళ్ళ మధ్య మూడేళ్ళు నెట్టుకొచ్చిన పిల్ల.

అప్పుడే పిల్ల గేదెను తోలుకుని వచ్చింది. కట్టుకొయ్యకి కట్టేసి, చేతులు పావడాకి తుడుచుకుంటూ వచ్చి తల్లి పక్కన నిలబడింది. మిరప కోతల్లో చర్మం లేచిన వేళ్ళు ఇంకా పూర్తిగా మానలేదు. నేను తల్లితోనే మాట్లాడాను, పిల్ల వైపు చూడలేకపోయాను.

"నేను అప్పుడు చెప్పింది తప్పమ్మా. నేనే వయసు ఎక్కువ రాసుకున్నాను. లెక్క తప్పింది. పిల్లకి తెలివి బాగానే ఉంది. రేపటి నుంచి బడికి పంపించు."

తల్లి నా మొహం వంక చూసింది. ఎంతో మర్యాదగా తలూపింది. పిల్ల తల్లి భుజం మీద చెయ్యేసి, నాకు వినపడుతుందన్న జంకు లేకుండా అడిగింది.

"అమ్మా, అయితే అప్పుడు నాన్నతో చెప్పింది అబద్ధమా?"

"పంతులమ్మ అబద్ధం ఎందుకు చెప్పుద్దే" అంది తల్లి. "నువ్వు కష్టపెట్టుకుంటావని ఇప్పుడు ఇట్టా అంటంది."

నేను మళ్ళీ చెప్పాను. కాగితం తీసి భాగహారం కూడా చేసి చూపించాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. లేచి వస్తుంటే తల్లి చంటిపిల్లని కూతురికందించి, నాకు పళ్ళెంలో వేరుశనక్కాయలు తెచ్చి పెట్టింది. మర్నాడూ ఆ తర్వాతా పిల్ల బడికి రాలేదు. వారం చూసి, హాజరుపట్టీలో దాని పేరు నేనే కొట్టేసి, సెలవు కాగితం ఇచ్చి చదువుకోవడానికి వెళ్ళిపోయాను.